వరద త్రోవలో మనుష్యుని యిల్లు: ఆచార్య గిల్బర్ట్ వైట్ పరిశోధన జీవితము

వరద వచ్చి పోయిన మరునాడు ఏ దేశమందైనను వినవచ్చు మాటలు ఒక్కటే. గట్టు ఇంకను ఎత్తుగా కట్టవలసియుండెను, కాలువ ఇంకను వెడల్పుగా త్రవ్వవలసియుండెను, అధికారులు నిద్రపోయిరి. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. అయితే గట్టును గూర్చి అడుగుటకు ముందు మరియొక ప్రశ్న కలదనియు, నీరు మన యింటికి ఏల వచ్చినదని కాక, నీరు నడచు చోటికి మన యిల్లు ఏల వచ్చినదని విచారింపవలెననియు ఒక ఆచార్యుడు ఏబది యేండ్లకు పైగా ఓపికతో చెప్పుచు వచ్చెను. ఆయన పేరు గిల్బర్ట్ వైట్. అమెరికా దేశీయుడు, భూగోళశాస్త్రజ్ఞుడు.

ఈ విషయము మనకు దూరపుదేమియు కాదు. 2013 మార్చి 30వ తేదీని మన ద్వీపమున ఎవ్వరును మరచియుండరు. ఆనాడు కొండలమీద కురిసిన కుండపోత వర్షము కొద్ది సేపటిలోనే పోర్ట్ లూయిస్ వీధులను ఏరులుగా మార్చినది. పదునొకండుగురు ప్రాణములు కోల్పోయిరి. వారిలో పెక్కండ్రు కోడాన్ సమీపమున రహదారి క్రింద నడచిపోవు సొరంగమార్గమందును, ఒక భవనపు నేలక్రింది కారుల శాలయందును చిక్కుకొనినవారు. మరల 2024 జనవరి 15న బెలాల్ తుపాను వచ్చినప్పుడు అదే నగరమందు కారులు దోనెలవలె కొట్టుకొనిపోయినవి. తుపాను గాలి నెరిగిన కుటుంబములు మనవి. కిటికీలకు చెక్కలు బిగించుట, దీపములు సిద్ధపరచుకొనుట, బియ్యము పప్పు ఎత్తున పెట్టుకొనుట తాతలనాటినుండి వచ్చిన విద్య. గాలి విషయమున నేర్చినంత జాగ్రత్త మనము నీటి విషయమున నేర్వలేదు. అందుచేతనే ఈ ఆచార్యుని కథను కొంచెము వివరముగా వ్రాయుచున్నాను.

వైట్ 1911 నవంబరు 26న చికాగో నగరమున జన్మించెను. ఆ నగరపు విశ్వవిద్యాలయమందే భూగోళశాస్త్రము చదివి, డాక్టరు పట్టమునకు కావలసిన సిద్ధాంతవ్యాసము ముగింపకయే, 1934లో వాషింగ్టనుకు ఉద్యోగమునకు పోయెను. అధ్యక్షుడు రూజ్వెల్టు పరిపాలించుచున్న దినములవి. మిస్సిసిపీ నదీప్రాంతమును గూర్చి, దేశపు భూజల సంపదను గూర్చి ప్రణాళికలు వ్రాయు సంఘములలో ఈ యువకునికి పని దొరకినది. 1936లో వరద నివారణ చట్టము వచ్చెను. దానితో దేశమంతట కరకట్టలు, జలాశయములు కట్టు భారమును కేంద్ర ప్రభుత్వము తలకెత్తుకొనినది. ఇంజనీర్లు లెక్కలు వేయుచుండిరి. గట్టుకగు ఖర్చు ఇంత, దానివలన తప్పిపోవు నష్టము ఇంత. రెండవది మొదటిదానికన్న ఎక్కువైనచో పని మొదలుపెట్టవచ్చును. ఆ కాగితములు వైట్ బల్లమీదుగానే పోవుచుండెను. లెక్కలో తప్పు లేదు. కాని గట్టు కట్టకుండ నష్టమును తగ్గించు ఉపాయములు ఏవియు ఆ లెక్కలో చేరనే లేదని ఆయన కనిపెట్టెను.

ఆ లోపమే ఆయన సిద్ధాంతవ్యాసమునకు విషయమైనది. 1942లో పట్టము లభించినది. 1945లో ఆ వ్యాసము గ్రంథముగా వెలువడినది. వరదతో మనుష్యుడు సర్దుకొనుటకు ఎనిమిది విధములు కలవని ఆయన చూపెను. నేలను మెరక చేసి కట్టుకొనవచ్చును. ఎగువన అడవులను, పొలములను కాపాడి నీటి వేగమును తగ్గింపవచ్చును. కరకట్టలు, జలాశయములు కట్టవచ్చును. ముందుగా హెచ్చరించి జనులను తరలింపవచ్చును. నీరు వచ్చినను చెడని విధముగా ఇల్లు కట్టుకొనవచ్చును. పల్లపు నేలను ఇండ్లకు కాక పంటకో పశువుల మేతకో వదలవచ్చును. నష్టపోయినవారికి సహాయము చేయవచ్చును. బీమా పెట్టవచ్చును. ఇవి మనకు క్రొత్తగా తోచకపోవచ్చును. గోదావరి లంకలలో బ్రతికిన రైతు వీనిలో సగము తానుగానే ఎరుగును. వైట్ చేసిన పని ఏమనగా, ఈ ఎనిమిదింటిని ఒకే త్రాసులో పెట్టి తూచవలెననుట. అంతవరకు అమెరికాలో త్రాసుపైకి ఎక్కినది మూడవది ఒక్కటియే.

ఆయన జీవితమున ఒక విరామము కలదు. వైట్ క్వేకరు మతస్థుడు. ఆయుధము పట్టనని వ్రతము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సు దేశమునకు పోయి శరణార్థులకు అన్నవస్త్రములు అందించు సేవలో చేరెను. జర్మను సేనలు ఆ భాగమును ఆక్రమింపగా ఆయనను పట్టుకొని బాడెన్ బాడెన్ పట్టణమున నిర్బంధించిరి. 1944లో విడుదలయ్యెను. 1946లో, ముప్పది నాలుగేండ్ల వయసున, హేవర్ఫర్డ్ కళాశాలకు అధ్యక్షుడయ్యెను. తొమ్మిదేండ్లు ఆ పదవి నిర్వహించి, పరిశోధనమీది మక్కువచేత దానిని విడిచి, చికాగో విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా తిరిగి చేరెను. పెద్ద పదవిని విడిచి చిన్న గదికి పోవువారు లోకమున అరుదు.

చికాగోలో ఆయన శిష్యులతో కలిసి చేసిన మొదటి గొప్ప పని 1958లో ప్రకటితమైనది. 1936 చట్టము వచ్చి ఇరువదేండ్లు గడచెను. కరకట్టలమీద, జలాశయములమీద వందల కోట్ల డాలర్లు వ్యయమైనవి. అయినను వరద నష్టము ఏటేట తగ్గలేదు సరికదా పెరుగుచుండెను. కారణమేమి? ఆకాశము మారినదా, లెక్కలు తప్పినవా? వైట్ బృందము పదునేడు పట్టణములను ఎన్నుకొని, పాత పటములను క్రొత్త పటములతో సరిపోల్చి, ఏటి పల్లమున నాడు ఎన్ని కట్టడములుండెనో నేడు ఎన్ని యున్నవో పరిశీలించినది. జవాబు ఇండ్లలోనే దొరకినది. గట్టు కట్టిరి; గట్టు వెనుక భయము పోయెను; భయము పోయిన నేల వెల పెరిగెను; అచట అంగళ్లు, కర్మాగారములు, ఇండ్లు వెలసెను. గట్టు చిన్న వరదలనన్నింటిని ఆపెను. గట్టునకు మించిన వరద యొక్కటి వచ్చిననాడు, మునుపు పది యిండ్లు మునుగు చోట నూరిండ్లు మునిగెను. గట్టు నీటిని ఎంత ఆపినదో జనమును అంత పిలిచినది.

ఇచట చదువరులు తొందరపడి, ఆచార్యుడు గట్టులకు శత్రువని తలపవలదు. ఆయన ఇంజనీర్లను నిందింపలేదు. గట్టును నమ్మి చేసిన తక్కిన నిర్ణయములను నిందించెను. గట్టుతోపాటు దాని వెనుక ఎవరు ఏమి కట్టవచ్చునో నిర్ణయించు కట్టుబాటు లేనిచో గట్టు సగము పనియే యని ఆయన మతము.

ఆయన శిష్యులలో రాబర్ట్ కేట్స్ అను నాతని చరిత్ర మన యువకులకు తప్పక చెప్పదగినది. కేట్స్ ఇండియానా రాష్ట్రమందలి ఉక్కు కర్మాగారమున పండ్రెండేండ్లు కూలిపని చేసినవాడు. భార్యాబిడ్డలు గలవాడు. కళాశాల పట్టము లేనివాడు. రాత్రి తరగతులకు పోవుచు బడిపంతులు కావలెనని కలలు కనుచుండెను. వైట్ ఆతనిలోని ప్రశ్నించు గుణమును చూచి, పట్టము లేకున్నను నేరుగా పై చదువునకు చేర్చుకొనెను. ఆ కార్మికుడే 1962లో డాక్టరు పట్టము పొంది, తరువాత 1991లో అమెరికా దేశపు జాతీయ విజ్ఞాన పతకమును అందుకొనెను. గురువుకు అదే పతకము శిష్యుని తరువాత, 2000లో లభించుట ఒక వింత.

కేట్స్ చేసిన పరిశోధన టెన్నెసీ రాష్ట్రమున లఫాలెట్ అను చిన్న పట్టణమును గూర్చినది. ఏటి యొడ్డున నున్న ఇంటింటికి పోయి, వరద మరల వచ్చునా, వచ్చినచో ఎంతవరకు వచ్చునని అడిగెను. ప్రజలు మూర్ఖులు కారు. వారికి వరద తెలియును. కాని తాము చూచిన వరదకన్న పెద్దది రాగలదని ఊహింపగలిగినవారు బహు తక్కువ. మోకాటిలోతు చూచినవారు మోకాటిలోతునకే సిద్ధపడిరి. మరికొందరు, మొన్ననే వచ్చినది గనుక ఇక చాలకాలము రాదని ధైర్యము చెప్పుకొనిరి.

దీనిని చదువుచున్నప్పుడు నాకు కోరంగి జ్ఞాపకమునకు వచ్చినది. మన పూర్వులలో ఎందరో ఓడ యెక్కిన రేవది. ఈ ద్వీపమున మన జాతికే ఆ పేరు పెట్టిరి. 1789లో ఉప్పెన వచ్చి ఆ ఊరిని ముంచినది. 1839 నవంబరులో మరల వచ్చినది. నడుమ ఏబదేండ్లు. మొదటిదానిని కన్నులార చూచినవారు చాలవరకు గతించియుందురు; రేవు మాత్రము ఆ చోటనే యుండెను.

నూరేండ్ల వరద యను మాటను పత్రికలలో చదువుచుందుము. అది నూరేండ్లకొక్కసారి వచ్చు వరద యని జనుల భ్రమ. దాని యర్థము, ఏ యేటనైనను అంత వరద వచ్చుటకు నూటికి ఒకపాలు అవకాశము కలదని. నిరుడు వచ్చినంత మాత్రమున ఈయేడు రాకుండ మానదు. ముప్పదేండ్ల అప్పుతో ఇల్లు కట్టుకొనినవాడు ఆ అప్పు తీర్చులోపల అట్టి వరదను చూచు అవకాశము నూటికి ఇరువదియారు పాళ్లు. నూటికి ఇరువదియారు అనగా నాలుగిండ్లకు ఒకటి వంతున. ఇంటి పెద్దలు ఈ లెక్క నొకసారి తీరికగా ఆలోచింతురు గాక.

1966లో వైట్ అధ్యక్షతను ఒక సంఘము వరద నష్టముల విషయమై ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. ఆ యేటనే ఆగస్టులో అధ్యక్షుడు జాన్సన్, ప్రభుత్వ కట్టడములు కట్టుటకు ముందు వరద ప్రమాదమును విచారింపవలెనని ఉత్తరువు చేసెను. 1968లో జాతీయ వరద బీమా చట్టము వచ్చినది. బీమాను గూర్చి వైట్ సంఘము ముందుగనే హెచ్చరించియుండెను. జాగ్రత్తగా, మొదట కొద్దిచోట్ల పరీక్షించి, నేల వినియోగపు కట్టుబాట్లతో జతపరచి నడిపింపవలెను; అట్లు కానిచో బీమాయే మరికొందరిని పల్లమునకు పిలుచునని. గట్టు చేసిన పనినే బీమా పత్రము చేయగలదన్నమాట. ఆ హెచ్చరికను పూర్తిగా పాటింపలేదు. ఒకే యిల్లు మరల మరల మునిగి మరల మరల బీమా సొమ్ము పొందుట ఆ దేశమున పెద్ద చిక్కుగా పరిణమించినది.

నగరముల వరదలతోనే ఆయన ఆగలేదు. భార్య ఆన్ వైట్, వైద్యుడు డేవిడ్ బ్రాడ్లీ తోడుగా తూర్పు ఆఫ్రికాలో కెన్యా, ఉగాండా, టాంజానియా దేశముల పల్లెలలోను పేటలలోను తిరిగి, ఒక్కొక్క యింటికి రోజుకెంత నీరు వచ్చుచున్నదో, దానిని మోయువారెవరో, ఎంత దూరము నడచుచున్నారో కొలిచిరి. ఆ గ్రంథము 1972లో వెలువడినది. అంతకుముందు ప్రభుత్వములు గొట్టములను లెక్కించినవి. వీరు తలమీది కుండలను లెక్కించిరి. మోయువారు చాలవరకు స్త్రీలు, పిల్లలు. చెరకుతోటల బస్తీలలో ఊరికొక్క కొళాయి యున్న కాలమును ఎరిగిన మన అమ్మమ్మలకు ఈ గ్రంథమును వివరింప నక్కరలేదు.

1970లో వైట్ కొలరాడో విశ్వవిద్యాలయమునకు మారి బోల్డర్ పట్టణమున స్థిరపడెను. రాకీ పర్వతముల చీలికనుండి వెలువడు బోల్డర్ ఏరు సరిగా ఆ పట్టణము నడుమగా పోవును. 1894లో అది ఊరిని ముంచినది. ఆచార్యుడు ఊరివారితో, పురపాలకులతో ఈ ప్రమాదమును గూర్చి విసుగులేక మాటలాడుచుండెను. 1976 జులై 31న సమీపమందలి బిగ్ థాంప్సన్ లోయలో ఒక్క రాత్రి వాన నూట నలుబదిమందికి పైగా బలిగొనినది. ఆ యేటనే విశ్వవిద్యాలయమున ఆయన ప్రకృతి విపత్తుల పరిశోధన కేంద్రమును స్థాపించెను. అచటి వార్షిక సమావేశములకు ఇంజనీరు, సామాజిక శాస్త్రజ్ఞుడు, పట్టణాధికారి ఒకే బల్లచుట్టు కూర్చుండవలెనని ఆయన పట్టుదల.

బోల్డర్ ఏటి గట్లలో చాల భాగమును పట్టణము తోటలుగా, నడకబాటలుగా విడిచినది. 2006 అక్టోబరు 5న వైట్ తొంబది నాలుగేండ్ల వయసున ఆ పట్టణముననే కన్నుమూసెను. తరువాత ఏటి యొడ్డున ఆయన పేర ఒక స్తంభము నిలిపిరి. దానిమీద ఆయన బొమ్మ కాక, వరద ఏ స్థాయిలో వచ్చిన నీరు ఎంత ఎత్తున నిలుచునో గుర్తులు పెట్టిరి. బిగ్ థాంప్సన్ వంటిది వచ్చినచో ఎంతవరకో కూడ పైన గుర్తించిరి. 2013 సెప్టెంబరులో ఆ పట్టణమున పెనువాన కురిసినది. 12వ తేదీ నొక్కనాడే 9 అంగుళములకు పైగా. ఏటి వెంబడి మునిగినవానిలో తోటలు, బాటలు చాల కలవు. అయితే సత్యము చెప్పవలెనన్న, చిన్న వాగుల ప్రక్కను, మురుగుగొట్టములు ఎదురుతన్నిన చోట్లను ఎన్నో ఇండ్లు చెడినవి. పెద్ద ఏటిని గమనించిన ఊరు కూడ పెరటి వాగును తక్కువగా చూచెనన్నమాట.

మన తెలుగుదేశమందు దీనికి సరిపోలు కథ హైదరాబాదుది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును తుడిచిపెట్టెను. పదిహేను వేలమంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్ ప్రాంతమున నూట యేబదిమంది ఒక చింతచెట్టెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. నైజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన సలహామీదనే నగరమునకు ఎగువన 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును నిర్మించిరి. నగరమునకు మురుగునీటి ఏర్పాటును కూడ ఆయనయే సూచించెను. ఆ పని గొప్పది, కాదనువారు లేరు.

కాని 2000 ఆగస్టు 24న హైదరాబాదులో 241 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడును, 2020 అక్టోబరులో ఊరు మునిగినప్పుడును కాలనీలను ముంచినది చాలవరకు మూసీ కాదు. అది ఊరిలోపలి నీరు. పూర్వము ఆ ప్రాంతమంతయు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారి క్రింది చెరువునకు, అటనుండి వాగునకు, వాగునుండి మూసీకి పోవుట ఏర్పాటు. నడిమి చెరువులు కొన్ని ప్లాట్లైనవి. అలుగు వాగులు ఇరుకు నాలాలైనవి. మాసాబ్ ట్యాంక్ అని పేరున్న పేటలో నేడు చెరువు లేదు. 2020లో గుఱ్ఱం చెరువు కట్ట తెగి క్రింది కాలనీలు మునిగినవి. జంట సాగరముల చుట్టు పది కిలోమీటర్ల మేర కట్టడములను నిషేధించు 111వ సంఖ్య ఉత్తరువు 1996లో వచ్చినది. ఎనుబది నాలుగు గ్రామములు దాని క్రిందికి వచ్చినవి. 2022లో ప్రభుత్వము ఆ కట్టుబాటును సడలించుచు మరియొక ఉత్తరువు చేసెను. వైట్ పదునేడు పట్టణములలో చూచినదే ఇచటను చూడవచ్చును. రక్షణ వచ్చినది, రక్షణ వెనుకకు ఊరు వచ్చినది.

ఇంత చెప్పి, ఆచార్యునితో నాకు సరిపడని సంగతి నొకదానిని కూడ చెప్పవలెను. ఆయన గ్రంథములలో మనుష్యుడు ఎనిమిది విధములలో నొకదానిని ఎన్నుకొనగలవాడు. నాలా ప్రక్క గుడిసె వేసికొనినవానికి ఆ ఎన్నిక ఎక్కడిది? నీరు వచ్చునని వానికి తెలియకకాదు. పనికి నడచిపోదగిన దూరమున వానికి దొరకిన నేల అదియొక్కటే. వానిని ఖాళీ చేయించుట సులువు. పనికి దగ్గరగా మెరక చోటు చూపుట కష్టము. ముందు రెండవది జరుగక మొదటిది జరిగినచో దానిని వరద నివారణ మనుట నాకు ఒప్పదు. ఆయన తరువాతి పరిశోధకులు ఈ విషయమును గట్టిగానే చర్చించిరి. ఆఫ్రికాలో కుండలు లెక్కించిన మనుష్యుడు ఆ విమర్శను తోసివేయడని నా నమ్మకము.

మరల మన ద్వీపమునకు వత్తము. పోర్ట్ లూయిస్ కొండల నడుమ గిన్నెవంటి చోటున, సముద్రపు అంచున నున్నది. పూస్ కొండనుండి దిగు సెలయేరు రాతికాలువగా నగరమును దాటి కోడాన్ వైపునకు పోవును. ఏటవాలున కురిసిన వాన క్రిందికి వచ్చుటకు గంటలు పట్టదు, నిమిషములు చాలును. మట్టినేల నీటిలో కొంత త్రాగును. కాంక్రీటు, తారు ఏమియు త్రాగవు. కాలువలో చెత్త అడ్డుపడినచో నీరు వీధిని కాలువగా చేసికొనును. 2017లో చట్టముచేత ల్యాండ్ డ్రైనేజీ అథారిటీ ఏర్పడినది. కాలువలను శుభ్రపరచుట, క్రొత్తవి త్రవ్వుట అవసరమే. కాని చెరకుతోటలు మొర్సెల్మాన్లుగా ముక్కలై అమ్ముడుపోవు ఈ కాలమున, అసలు నిర్ణయము చాలమారులు మన యిండ్ల ముంగిటనే, కొనుగోలు కాగితముమీద సంతకము పెట్టునాడే జరిగిపోవుచున్నది.

స్థలములు చూపువారు ఎండకాలపు నెలలలో చూపుదురు. అప్పుడు ప్రతి నేలయు మెరకగానే కనుపించును. చెరకు ఉన్ననాడు ఆ పొలమునకు అడ్డముగా ఏదైన గండిగాని బోదెగాని యుండెనా, దానిని పూడ్చిరా, పూడ్చినచో ఆ నీరు ఇప్పు డెటు పోవుచున్నదని తోటపని చేసిన పెద్దల నడుగవచ్చును. 2013లోను 2024లోను ఇరుగుపొరుగువారి గోడమీద నీటిగుర్తు ఎంతవరకు నిలిచినదో చూడవచ్చును. ప్రక్కవాడు ప్రహరి కట్టినచో అతని నీరు ఎవరి పెరటిలోనికి వచ్చునో ముందుగనే మాటలాడుకొనవచ్చును. ఊరి పేరును కూడ వినవలెను. ఉత్తరమున ఫాన్ ద్యు సాక్ అను ఊరున్నది; పెద్దవాన కురిసినప్పుడెల్ల పత్రికల కెక్కు ఊరు. ఫ్రెంచి భాషలో ఆ పేరునకు సంచి అడుగు అని అర్థము.